మిద్దె రైతుకు మద్దతు ధర ఎప్పుడు?

121 గజాలైతే ఒక గుంట. 40 గుంటలైతే ఎకరం. ఈ లెక్క తెలంగాణలో బడికెళ్లే పిల్లాడికీ తెలుసు, ప్రభుత్వానికి మాత్రం తెలిసినట్టు లేదు. హైదరాబాద్‌లో 121 గజాల డాబా మీద కుండీలు పేర్చి టమాటా, బెండ, బీర పండిస్తున్న మనిషిని గుంట భూమి ఆసామిగా ఇంతవరకూ ఏ రికార్డూ గుర్తించలేదు. పాసు పుస్తకం లేదు. రైతు భరోసా లేదు. ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున గుంటకు 300, రెండు సీజన్లకు పంచితే మాకు సీజనుకు 150 రూపాయలు రావాలి. మేం అడిగేది డబ్బు కాదు, గౌరవం. 150 ఇస్తే మాత్రం వద్దనం.

అసలు అన్యాయం ధర దగ్గర జరుగుతోంది. సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది. ఆ ఖర్చును సీ2 పద్ధతిలోనే కట్టాలని రైతు సంఘాల పట్టు. అంటే విత్తనం, ఎరువు, ఇంటిల్లిపాది కష్టంతో ఆగకుండా సొంత భూమికి వచ్చే కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా లెక్కలోకి రావాలి. మా సొంత భూమి డాబా. అక్కడ పెంట్‌హౌస్ వేసి అద్దెకిస్తే నెలకెంత వచ్చేదో మా ఆవిడ ప్రతి ఆదివారం గుర్తు చేస్తూనే ఉంటుంది. ఆ అద్దె, గ్రో బ్యాగులు, కోకోపీట్, వర్మీకంపోస్ట్, షేడ్‌నెట్, ఆన్‌లైన్‌లో తెప్పించిన కొమ్మల కత్తెర, అన్నీ కూడి, వచ్చిన నాలుగు కాయలకూ పంచి, పైన 50 శాతం వేస్తే ఒక్కో టమాటా ఖరీదు ముక్కుపుడక దాకా వెళ్తోంది. 2023 జులైలో కిలో 200 దాటిందని జనం గగ్గోలు పెట్టారు. మా డాబా లెక్కన అది కారుచౌక.

పైగా కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో టమాటా లేనే లేదు. కాబట్టి మదనపల్లె రైతుదీ మాదీ ఒకటే బాధ అని మా మిద్దె తోటల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మదనపల్లె రైతును అడగలేదనుకోండి. ఆయన ఫోన్లో దొరకడు, పొలంలో ఉంటాడు.

ఇక వాతావరణం మా మీద పగబట్టింది. ఏప్రిల్‌లో ఎంతో ప్రేమగా కాలీఫ్లవర్ నారు పోశాం. మేలో కొత్తిమీర చల్లాం. టమాటా నిండా పూత వచ్చింది, ఒక్క పిందె నిలవలేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా సెగ తగ్గకపోతే పుప్పొడి పనిచేయదట, పూత రాలిపోతుందట. ఇది ముందే తెలిసి కూడా అధికార యంత్రాంగం ఏం చేస్తున్నట్టు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్నారు. రోళ్లే పగిలే ఎండలో నల్ల ప్లాస్టిక్ కుండీలోని వేరు గతేమిటో ఏ జీవోలోనూ లేదు. మా సంఘంలోనే కొందరు ఉద్యమ ద్రోహులున్నారు. ఎండాకాలం గోంగూర, బచ్చలి, తోటకూర వేసుకోండి, 50 శాతం షేడ్‌నెట్ కట్టండి, కుండీలో మట్టి కనబడకుండా ఎండుటాకులు పరవండి, తెల్లారకముందే నీళ్లు పోయండి, కాలీఫ్లవర్ సంగతి అక్టోబరులో చూద్దాం అంటారు. ఇలా సర్దుకుపోతూ ఉంటే మన హక్కుల మాటేమిటి?

ఊళ్లో రైతుకు వ్యవసాయాధికారి ఉంటాడు. మాకున్నది వాట్సాప్ గ్రూపు. ఒక సభ్యురాలు పసుపు పచ్చబడ్డ మిరపాకు ఫొటో పెట్టి ‘ఏం చేయమంటారు?’ అని అడిగితే చాలు, ప్రిస్క్రిప్షన్లు కురుస్తాయి. ‘ఎప్సమ్ సాల్ట్ వేయండి మేడమ్.’ ‘పుల్ల మజ్జిగ అక్కా, నా మాట వినండి.’ ‘అరటి తొక్కల నీళ్లు.’ ‘ఇంగువ.’ ‘కోడిగుడ్డు పెంకులు.’ ‘జీవామృతం.’ చివర్లో ఎవరో ఒక పెద్దావిడ ‘దిష్టి తగిలిందమ్మా’ అని తేల్చేస్తారు. ఆవిడ చెప్పినదాంట్లోనే కాస్త శాస్త్రీయత ఉంది, ఎందుకంటే దిష్టి తీసిన ఎండుమిరపకాయలు కుండీలో వేయరు. మిగతావన్నీ మాత్రం వారం తిరక్కముందే ఆ ఒక్క మొక్కకూ పడతాయి.

ముదురాకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే మెగ్నీషియం లోపమనీ, అదే తీరు లేతాకుల్లో కనిపిస్తే ఇనుము లోపమనీ, అడుగాకులు మొత్తంగా పండిపోతూ మట్టి తడితడిగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టేననీ ఒకాయన గ్రూపులో రాశాడు. ముందు కుండీలో రెండంగుళాలు వేలు గుచ్చి చూడమన్నాడు. ఫొటో పంపితే చాలదని చెప్పేవాడిని ఏ గ్రూపు భరిస్తుంది? ఆయన్ని తీసేశాం.

పిండినల్లి విషయంలో మా అనుమానం కుట్ర దాకా వెళ్లింది. మందారం కొమ్మలకూ బెండ కాడలకూ తెల్లగా పట్టే ఈ పురుగు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. ఏ మొక్క మీద చీమల బారు కనిపిస్తే అక్కడ పిండినల్లో పేనుబంకో ఉన్నట్టే. చీమలకు అది పాడి. రుణమాఫీ అడగకుండా డాబా మీద లాభంలో నడుస్తున్న వ్యవసాయం ఆ ఒక్కటే, అదీ మా పెట్టుబడితో. పిండినల్లికి విరుగుడు ఉంది: గట్టిగా నీళ్లు కొట్టి రాల్చడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కరగడానికి రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేయడం, వారానికోసారి మళ్లీ చేయడం. ఇంత ఓపిక ఉంటే మేం డాబా ఎక్కేవాళ్లమా, ధ్యానం క్లాసుకు వెళ్లేవాళ్లం. పైగా మాలో చాలామందికి తీరిక దొరికేది మిట్టమధ్యాహ్నమే. ఆ ఎండలో నూనె కొడితే ఆకు మాడుతుంది, నింద కంపెనీ మీద పడుతుంది.

బీర పాదుది ఇంకో మోసం. వందల పూలు పూసి ఒక్క కాయా ఇవ్వదు. మొదట వచ్చేవన్నీ మగపూలేనని, పువ్వు కింద వేలెడు పిందె ఉన్నదే ఆడపువ్వని తేలాక మా సంఘం ఆడపూలకు 33 శాతం రిజర్వేషన్ కోరుతూ తీర్మానం చేసింది. తేనెటీగలు రాని అపార్ట్‌మెంట్లలో మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దితే కాయ నిలుస్తుంది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మేం టిఫిన్ అయ్యాక పదింటికి వెళ్తాం. ఆ వేళకు ఏ పువ్వూ తలుపు తీయదు. ఉద్యోగుల పనివేళలకు తగ్గట్టు పూలు విచ్చుకునే విత్తనాన్ని విశ్వవిద్యాలయాలు ఇంకా ఎందుకు విడుదల చేయలేదో అర్థం కాదు.

వానాకాలం గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది, కింది ఫ్లాట్ వాళ్లు చదువుతుంటారు. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టి, అడుగు రంధ్రం పూడిపోకుండా చూసుకుంటే వేరుకుళ్లు రాదు, స్లాబు మీద నీరూ నిలవదు. ఆ పని చేయకపోతే మాకు పంట నష్టం, వాళ్లకు సీలింగ్ నష్టం. ఇద్దరికీ కలిపి ప్రకృతి వైపరీత్యాల నిధి నుంచి ఇప్పించమంటున్నాం. కోతులు జామకాయను ఒక కొరుకు కొరికి పారేస్తున్న విషయం కూడా వినతిపత్రంలో చేర్చాం.

వినతిపత్రానికి జవాబు రాలేదు. ఇక ఆందోళనే. పత్తికొండలో ధర పడిపోయినప్పుడు రైతులు చేసినట్టు, మేమూ టమాటాలు నడిరోడ్డు మీద పారబోసి నిరసన తెలపాలని నిర్ణయించాం. తీరా చూస్తే సంఘం సభ్యులందరి దిగుబడీ కలిపినా ఒక పళ్లెం నిండలేదు. అవి కూడా ఇప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసినవి. అందుకని పారబోయడానికి రెండు గంపలు తెమ్మని రైతుబజారుకు మనిషిని పంపాం. బోర్డు మీద రేటు ఎంత రాసి ఉన్నా సరే, బేరమాడి తెమ్మన్నాం.