చవక జిప్పుకు జేజేలు

దుస్తుల ఖరీదు పెరిగేకొద్దీ వాటికి వేసే జిప్పు ఖరీదు తగ్గుతూ రావాలన్న ఉదాత్త నియమాన్ని మన కుట్టుపని రంగం ఎంత నిష్ఠగా పాటిస్తున్నదో గమనించినవారు అరుదు. గమనించిన ఆ కొద్దిమందీ మెచ్చుకోవలసింది పోయి, పెళ్ళిమండపాల విడిది గదుల్లో నిలబడి జిప్పును, దాన్ని కుట్టిన దర్జీని కలిపి శపిస్తున్నారు. ఈ అపోహను తొలగించడం పౌరధర్మంగా భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెళ్ళికూతురి లెహంగాను తీసుకుందాం. మగ్గం వర్కుకు వేలకు వేలు పోసి, లైనింగుకు, పావడాను ఉబ్బెత్తుగా నిలబెట్టే క్యాన్‌క్యాన్‌కు, నడుము పక్కన వేలాడే కుచ్చులకు అడిగినంతా ఇచ్చిన కుటుంబం, మ్యాచింగ్ సెంటర్లో జిప్పు వంతు వచ్చేసరికి పూర్వీకుల పొదుపును హఠాత్తుగా గుర్తుచేసుకుంటుంది. ఆ పూసల, జరీ బరువంతా నడుము దగ్గర ఏ రెండు అంచుల మీద ఆధారపడి ఉంటుందో సరిగ్గా ఆ చోటికి, పల్చటి కుర్తీల కోసం, గౌన్ల కోసం పుట్టిన ఇన్విజిబుల్ జిప్పును ఎంపిక చేస్తారు. పళ్ళను లోపలివైపుకు తిప్పుకొని బయటికి ఒట్టి కుట్టు గీతగా కనిపించడం దాని గొప్పతనం. పని చేయవలసిన సమయంలో కూడా కనిపించకుండా పోతే అది తన పేరుకు న్యాయం చేసినట్టే కదా!

ఈ జిప్పును కుట్టడానికి ఒక పద్ధతి ఉన్నది. కుట్టేముందు గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో దాని పళ్ళ చుట్టను వెనక్కి మలచి పడుకోబెట్టాలి; అడుగున రెండు గాడులుండి గుడ్డను నొక్కిపట్టే ప్రత్యేకమైన ఫుట్‌ను మిషనుకు బిగించాలి; పళ్ళను ఒరుసుకుంటూ, వాటి మీదికి ఎక్కకుండా కుట్టు వేయాలి; పైన ఒక కొక్కెం పెట్టి, నడుము లాగుడు జిప్పు మీద కాక ఆ కొక్కెం మీద పడేటట్టు చూడాలి. ఇవన్నీ చేస్తే జిప్పు చక్కగా పనిచేసే ప్రమాదం ఉన్నది కనుక, అనుభవజ్ఞులు మామూలు ఫుట్‌తోనే పని కానిచ్చేస్తారు. కుట్టు దూరంగా పడితే దాక్కోవలసిన జిప్పు ఊరందరికీ కనిపిస్తుంది; మరీ దగ్గరగా పడితే, బెల్టూ పావడా కలిసి గుడ్డ నాలుగైదు పొరలయ్యే చోట పళ్ళను మూసే రన్నరు పైకీ పోదు, కిందికీ రాదు. అలా ఇరుక్కున్న రన్నరు చేసే సామాజిక సేవను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గృహప్రవేశం నాటి మాట పట్టింపుతో ముఖాలు చూసుకోని మేనత్తా పిన్నీ ఒకే గదిలోకి పరుగెత్తుకొచ్చి, ఒకరు రెండు అంచులూ దగ్గరికి లాగిపట్టగా మరొకరు రన్నరును పైకి గుంజుతూ, "ఊపిరి బిగపట్టవే తల్లీ!" అని ముక్తకంఠంతో పలకడం మేలురకం జిప్పు వల్ల ఏనాటికైనా సాధ్యమయ్యేదేనా?

ఈ ధర్మాన్ని బాహాటంగా ధిక్కరించేది జీన్స్ ప్యాంటు. గచ్చు మీద ఈడ్చినా ఏమీ కాని గుడ్డకు ఇత్తడి పళ్ళ జిప్పు వేయడమే గాక, దాని రన్నరులో ఒక చిన్న ముల్లును కూడా అమర్చారు. పట్టుకునే పిడి కిందికి వాలినప్పుడు ఆ ముల్లు పళ్ళ మధ్య దిగి రన్నరును కదలనివ్వదు, పిడిని పైకెత్తితేనే వదులుతుంది. మనిషి వంగినా, గెంతినా మూసినది మూసినట్టే ఉంటుంది. ఇటువంటి భద్రత మనుషులను ఎంత అజాగ్రత్తపరులుగా తయారుచేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

జిప్పులకు 3, 5, 8, 10 అంటూ నంబర్లు ఉంటాయనీ, మూసిన పళ్ళ వెడల్పు సుమారు అన్ని మిల్లీమీటర్లనీ, సన్నవి గౌన్లకూ లావువి సంచులకూ సూట్‌కేసులకూ ఉద్దేశించినవనీ కొందరు ఛాందసులు వాదిస్తారు. మన వినియోగదారుడు ఆ చాదస్తాన్ని దగ్గరికి రానివ్వడు. అతడు అడిగేది రంగు ఒక్కటే. గుడ్డ ముక్కను వెలుతురులోకి పట్టుకెళ్ళి, మూడు రకాల మెంతిరంగుల మధ్య పావుగంట తర్జనభర్జన పడి తెచ్చిన జిప్పు స్కూలు బ్యాగుకు దసరా సెలవుల దాకా వచ్చినా గొప్పే. అప్పుడు కూడా పళ్ళు అరిగాయని అందరూ నిందిస్తారు గానీ, నిజానికి చాలాసార్లు తప్పు రన్నరుది. రెండు వరుసల పళ్ళనూ ఒకదానిలోకి ఒకటి నొక్కవలసిన దాని దవడ వెంట్రుకవాసి వెడల్పయితే చాలు, రన్నరు హాయిగా ముందుకు నడుస్తుంది, వెనుక జిప్పు నోరు తెరుచుకొనే ఉంటుంది. పట్టకారుతో ఆ దవడను కొంచెం నొక్కితే మళ్ళీ కొన్నాళ్ళు పనిచేస్తుంది. బలంగా నొక్కితే పెళుసు లోహం గనుక పుటుక్కున విరుగుతుంది. రెండూ తెలిసిన మనిషి గొడుగులు, సంచులు బాగుచేస్తూ ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉంటాడు. అతడికి ఉపాధి కల్పించే పథకంగా కూడా చవక రన్నరును చూడాలని నా మనవి.

చరిత్ర సైతం మన పక్షానే ఉన్నది. అమెరికాలో విట్‌కోంబ్ జడ్సన్ 1893లో పేటెంటు పొంది, అదే ఏడు షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం ముందు పెట్టిన కొక్కేల జిప్పుకు తనంత తానుగా ఊడిపోయే స్వేచ్ఛ ఉండేది. స్వీడన్ నుంచి వలస వచ్చిన గిడియన్ సండ్‌బ్యాక్ అనే ఇంజనీరు 1913లో ఆ స్వేచ్ఛను హరించి, ఒక పక్క బొడిపె, మరో పక్క గుంట ఉండే పళ్ళను దగ్గరదగ్గరగా పేర్చి, నేటి జిప్పుకు రూపమిచ్చాడు. 1934లో తదావో యోషిదా జపాన్‌లో మొదలుపెట్టిన సంస్థ, మన రన్నర్ల మీద వైకేకే అనే అక్షరాలు కనిపించే ఆ సంస్థే, ఇంకా మొండిది. ఇత్తడిని, దారాన్ని, చివరికి యంత్రాలను కూడా తానే తయారుచేసుకుంటుంది. ఈ విదేశీ పట్టుదలల నడుమ జడ్సన్ సంప్రదాయాన్ని ఎవరి ప్రోత్సాహమూ లేకుండా నిలబెడుతున్నది మన లెహంగాలు మాత్రమే.

జిప్పు ఊడితే గతేమిటని అడిగేవారికి చరిత్రే జవాబు చెబుతుంది. జిప్పులాంటి దానికి మొట్టమొదట పేటెంటు తీసుకున్నది కుట్టుమిషనుతో పేరుపొందిన ఎలియాస్ హోవే, అది 1851లో. న్యూయార్కులో వాల్టర్ హంట్ పిన్నీసుకు పేటెంటు తీసుకున్నది 1849లో. అంటే రోగం కంటే మందు రెండేళ్ళు ముందే పుట్టింది. హంట్ ఆ హక్కును 400 డాలర్లకు అమ్ముకున్నాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వద్దంటున్నా పుస్తెలతాడుకు, గాజులకు పిన్నీసులు తగిలించుకొని తిరిగే పెద్దమ్మలు అతడికి కట్టని రాయల్టీ ఎంతో లెక్కవేయడం కష్టం.

ఇక తేలవలసింది ఒకటే: పెళ్ళి ఖర్చుల జాబితాలో పిన్నీసుల డబ్బాను ఎవరి పద్దులో రాయాలి? నన్నడిగితే అది మగపెళ్ళివారే భరించాలి. షేర్వాణీకి వాళ్ళు ముందుజాగ్రత్తగా బొత్తాలు పెట్టించుకున్నారు.