ఈసీయూలకి ఈత నేర్పించాలి

దసరా దగ్గర పడితే విజయవాడ ఆటోనగర్‌లో వాటర్ సర్వీసింగ్ షెడ్ల ముందు లారీలు బారులు తీరతాయి. ఆయుధ పూజ నాటికి బండి మెరవాలి. క్యాబిన్ వంచీ వంచగానే సర్వీసింగ్ కుర్రాడు ప్రెషర్‌తో నీళ్ళు కొట్టే గన్ను ఎత్తుతాడు. గుంటూరు మిర్చి యార్డు దుమ్ము, దాని మీద పేరుకున్న ఆయిల్ జిడ్డు, అన్నీ ఎగిరిపోవాల్సిందే. ఇంత ఘనమైన ఆచారానికి ఇప్పుడొక శత్రువు దాపురించింది. దాని పేరు ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పెట్టె.

పాత బండిలో ఇంజిన్ అంటే ఇనుము. కడిగినా, తిట్టినా పట్టించుకునేది కాదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక సైలెన్సర్ దగ్గర పొగలో విషవాయువుల్ని కొలిచే నాక్స్ సెన్సార్లు, ఆ పొగని శుభ్రం చేసే యూరియా ట్యాంకుకి వేరే వైరింగు, ఎటు చెయ్యి పెట్టినా వైర్లని కలిపే కప్లర్లే. ఇంత నాజూకు సరుకుని లారీలో పెట్టినవాళ్ళది తప్పా, గన్నుది తప్పా?

కంపెనీల వాళ్ళని అడిగితే ఈసీయూకి ఐపీ67 రేటింగు ఉందంటారు. మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా పాడయ్యేంత నీరు లోపలికి దిగదని దానర్థం. ఏలూరు కాలవలో పడేసినా బతికే వస్తువు గన్ను దెబ్బకి ఎందుకు చస్తుందయ్యా అంటే, నిలవ నీరు వేరు, దూసుకొచ్చే ధార వేరు, మొదటి పరీక్ష పాసైతే రెండోది పాసైనట్టు కాదు అంటారు. పైగా ఆ పరీక్ష కొత్త సీలుకట, మన ఎండలకి మాడి బిగుసుకుపోయిన రబ్బరుకి కాదట. సన్నాయి నొక్కులు!

ఇక పిరికి వర్గం ఒకటి ఉంది. వీళ్ళు షెడ్డుకి రాగానే కడగరు. ఇంజిన్ చల్లారేదాకా టీ తాగుతూ కూర్చుంటారు. ఇంజిన్ పొగ బయటికెళ్ళే కాగిన మ్యానిఫోల్డ్ గొట్టం మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళొస్తాయని భయం. కీ తీశాక కూడా యూరియా పంపు తన లైన్లు ఖాళీ చేసుకునేదాకా ఆగి, అప్పుడు బ్యాటరీ నెగటివ్ ఊడదీస్తారు. మొన్న ఒక డ్రైవర్ డైనమోకి బిర్యానీ పార్సిల్ కవర్ తొడిగి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి, ఎక్కడైనా సందు మిగిలిందేమో అని వేలితో చుట్టూ తడుముకోవడం కళ్ళారా చూశాను. పన్నెండు చక్రాల బండి తోలే మనిషి! ఈసీయూకి, ఫ్యూజ్ బాక్సుకి, గాలి లాక్కునే గొట్టం మూతికి కూడా అదే మర్యాద. తర్వాత జిడ్డు వదిలించే డీగ్రీజర్ చల్లి, పాత పెయింటు బ్రష్షుతో రుద్ది, మామూలు పైపుతో నీళ్ళు మెల్లగా వదిలాడు.

"అన్నా, డీజిల్ కొట్టి కడిగేద్దామా?" అన్నాడు క్లీనర్.

"రబ్బరు గొట్టాలు ఉబ్బిపోతాయిరా. మనం కడిగేది లీకు ఎక్కడుందో కనబడ్డానికి, కొత్త లీకు పెట్టుకోడానికి కాదు" అని కసిరాడాయన.

ఆ పైన ఎయిర్ గన్నుతో కప్లర్లన్నీ ఊది, బండిని ఎండలో ఆరబెట్టి, సెల్ఫ్ కొట్టే ముందు విప్పిన కవర్లు లెక్కపెట్టుకున్నాడు. ఇంత టెన్షన్ పడి బతకడం అవసరమా?

మన పద్ధతిలో ఈ బాధల్లేవు. గన్ను కొట్టిన వెంటనే బండి స్టార్టవుతుంది, పూజ జరుగుతుంది, ఫొటోలు దిగుతారు. కప్లర్లో దూరిన చుక్క మాత్రం పిన్నుల మధ్య తీరిగ్గా కూర్చుని పచ్చటి చిలుము పట్టిస్తుంది. కొన్ని వారాలకి నందిగామ దాటాక చెక్ లైట్ వెలుగుతుంది, పికప్ చచ్చిపోతుంది. అప్పటికి కడిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు గనక షెడ్డుకి మచ్చ రాదు. స్కానింగ్ చేసినాయన సెన్సార్ పోయిందంటాడు. కొత్తది తెచ్చి అదే చిలుము పట్టిన కప్లర్‌కి తగిలిస్తాడు. లైటు మళ్ళీ వెలుగుతుంది, బండి మళ్ళీ ఆటోనగర్‌కే వస్తుంది. ఒక్క నీటి చుక్కతో ఎంతమందికి ఉపాధి! ఏ పథకమైనా ఇంత నమ్మకంగా పనిచేస్తోందా?

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. కృష్ణ పక్కనే ఉంది, ఘాట్లకి కొరత లేదు. ఈసీయూలని బ్యాచ్‌లవారీగా తీసుకెళ్ళి ఈత నేర్పించాలి. పాసైనవాటిని మన బళ్ళకి బిగించాలి. ఫెయిలైనవి ఆ పిరికివాళ్ళకి ఇచ్చేయొచ్చు, వాళ్ళెలాగూ తడవనివ్వరు.