గుట్ట మీద కందకాలు తవ్వితే కింది చెరువుకు నష్టమా? ఆ మెసేజ్‌ల ఒక్కో మాటకు జవాబు

కొన్ని రోజుల నుంచి వరంగల్, హన్మకొండ వాట్సాప్ గ్రూపులల్ల ఒక మెసేజ్ తెగ తిరుగుతున్నది. చూడనోళ్ళ కోసం చెప్తున్న: గుట్టల మీద కందకాలు, రాతికట్టలు, వాగుల మీద చెక్ డ్యాంలు అన్నీ దండగ, పైనోళ్ళు నీళ్ళు ఆపుకుంటే కింది చెరువు ఎండుతది, లాభమేదన్న ఉంటే పైనోళ్ళకే, పూడిక పడితే జేసీబీ పెట్టి తీస్తే సరిపోతది, 2023 వరదల అవేం ఆపినయి, ఇప్పుడు గోదావరి నీళ్ళు వస్తున్నయి కద ఇంకెందుకు అని. చదువుకున్న పిల్లలు గూడ నిజమే అనుకోని ఫార్వర్డ్ చేస్తున్నరు, అందుకే ఇంత రాస్తున్న.

"పైన ఆపితే కింది చెరువు ఎండుతది"

దీంట్ల కొంత నిజముంది. ఒకే వాగు మీద లెక్కపత్రం లేకుండ వరుసగ చెక్ డ్యాంలు కట్టుకుంట పోతే వాన తక్కువ పడ్డ ఏడు కింది చెరువుకు నీళ్ళు తగ్గుతయి, పైన కొత్త బోర్లేసి వరి పెడితే ఇంకా తగ్గుతయి. అందుకే ఒకటి నిండితే ఇంకొకదానికి పారే గొలుసు చెరువులున్న కాడ పై నుంచి కింది దాక మొత్తం గొలుసును చూసి ప్లాన్ చెయ్యాలె. కాని కందకం వేరు, చెక్ డ్యాం వేరు. వాలుకు అడ్డంగ తవ్విన కందకం ఉరికే నీళ్ళను కాసేపు నిలబెడ్తది, మట్టి అడుగుకు దిగుతది, కొన్ని నీళ్ళు ఇంకుతయి, నిండినంక మిగిలినయన్నీ కిందికే పోతయి. మన చెరువులు నిండేది వానకాలంల పడే కొన్ని పెద్ద వానలకే, వాటిని ఏ కందకమూ ఆపలేదు. ఇంకిన నీళ్ళల్ల చెట్లు, బోర్లు గుంజుకున్నయి పోను మిగిలినయి గూడ యాడికి పోవు, మన చల్క నేలల కింద గ్రానైటు రాయి, దాచుకునే జాగ తక్కువ, అందుకే కొన్ని రోజులకు దిగువ బావులల్ల ఊటగ వస్తయి, వాగు ఇంకొన్ని దినాలు పారుతది.

"లాభం పైనోళ్ళకే"

ఇది పూర్తిగ తప్పు, నాకు ఎక్కువ బాధయ్యేది గూడ దీనికే. మొదటి పెద్ద వాన పడ్డ తెల్లారి ఏదన్న చెరువు కాడికి పోయి, వాగు కలిసేచోట ఒక సీసల నీళ్ళు పట్టి గంట సేపు కదలకుండ పెట్టుండ్రి. అడుగున పేరుకున్న ఎర్రమట్టి ఎంత మందముందో వేలు పెట్టి చూడుండ్రి. అది పైనోని చెల్క మీది మంచి మట్టి, వానికి పంట పోయినట్టు, మనకు చెరువుల జాగ పోయినట్టు.

చిన్న చెరువు సంగతి పక్కన పెట్టి పెద్దవాటిని చూద్దాం. మన కాకతీయ కాలువకు నీళ్ళిచ్చే శ్రీరాంసాగర్‌కు 1963ల పునాది రాయి పడ్డది, కట్టినప్పటి సామర్థ్యం 112 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), పూడిక సర్వేల తర్వాత ఇప్పుడు లెక్కల చెప్పేది 80 టీఎంసీలు. అంటే 30 టీఎంసీల మీద జాగను మట్టి తిన్నది. లోయర్ మానేరు డ్యాం మొత్తం నిండితే 24 టీఎంసీలే, అంతకన్న ఎక్కువ! ఒక టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి అని ఇంజినీర్లు మోటుగ కట్టే లెక్కన చూసినా మూడు లక్షల ఎకరాల మాట. నిజాంసాగర్ ఇంకా ఘోరం, 1931ల కట్టుడు అయిపోయినప్పుడు 29.7 టీఎంసీలు, యాభై ఏండ్లు గూడ కాకముందే 12 లోపుకు పడిపోయింది, తర్వాత నీటిమట్టం పెంచి 17.8కి తెచ్చుకున్నరు. ఈ మట్టంతా వచ్చింది పైనుంచే, నష్టపోయింది కాలువ చివర ఉన్న రైతులు.

పట్నంల ఉన్నోళ్ళకు గూడ లెక్క ఉంది. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి మన నల్లాలకు నీళ్ళొస్తయి. నీళ్ళు ఎంత బురదగ వస్తే ఫిల్టర్ బెడ్ల కాడ అంత పటిక ఎక్కువ పడుతది, ఫిల్టర్లు అన్ని సార్లు కడగాలె, ఆ ఖర్చు మనదే.

"పూడిక తీస్తే సరిపోతది"

ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రిప్పుకు మూడు ఘనపు మీటర్లు అనుకున్నా ఒక్క టీఎంసీ జాగ ఖాళీ చెయ్యాలంటే 94 లక్షల ట్రిప్పులు, డీజిల్ ఎంతయితదో మీరే లెక్క కట్టుకోండ్రి. మిషన్ కాకతీయ 2015ల మొదలైనప్పుడు తవ్వుడు ఖర్చు సర్కారుది, పొలానికి తోలుకునే కిరాయి రైతుది, ఆ మట్టి పడ్డ పొలాలకు బలమొచ్చిన మాట నిజం, నేను దానికి వ్యతిరేకం కాదు. కాని పైన మట్టి కదలకుండ చెయ్యకపోతే మళ్ళ పూడుతది, నల్లా బంద్ చెయ్యకుండ ఇల్లు తుడిచినట్టే.

"2023ల ఏం ఆపినయి"

ఆ జూలై 27 పొద్దటి దాక ఒక్క రోజుల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది, పక్కన భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. అంత వానను ఆపుతయని కందకాల గురించి ఎవరూ చెప్పలేదు, కొన్ని సెంటీమీటర్లకే అవి నిండుతయి. కాని పూడిక నిండిన చెరువుల వరద నిలవడానికి జాగ ఉండదు, పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడి దాన్ని గూడ తెంపుతయి. పూడిక తగ్గించేది ఇందుకు గూడ పనికొస్తది.

"గోదావరి నీళ్ళు వస్తున్నయి కద"

దేవాదుల ఎత్తిపోతల నీళ్ళు గోదావరి నుంచి ధర్మసాగర్ దాక మోటార్ల మీదనే ఎక్కుతయి, ప్రతి చుక్కకు కరెంటు బిల్లు ఉన్నది. గుట్ట మీద పడ్డ వాన కిరాయి లేకుండ వస్తది. ఖర్చు పెట్టి ఎత్తిన నీళ్ళు పూడిన చెరువుల పోస్తే మత్తడి దుంకి పోతయి.

ఆ మెసేజ్ అడగని ప్రశ్న ఒకటుంది: పైన కష్టపడేది ఒకరు, కింద బాగుపడేది ఇంకొకరు అయితే పైసలు ఎవరియ్యాలె? చండీగఢ్‌ల 1958ల కట్టిన సుఖ్నా చెరువు పూడిపోతుంటే, పైన సుఖోమాజ్రి ఊరోళ్ళను గుట్టల మీద పశువులు మేపకుండ ఒప్పించిన్రు. బదులుగ వాళ్ళ ఊర్లె చిన్న కట్ట కట్టి నీళ్ళిచ్చిన్రు, భూమి లేనోళ్ళకు గూడ ఆ నీళ్ళల్ల వాటా పెట్టిన్రు, గడ్డి పెరిగింది, మట్టి కొట్టుకవచ్చుడు బాగ తగ్గింది. మన దగ్గర గూడ నల్లా బిల్లుల కొంత, ఆయకట్టు రైతుల దగ్గర కొంత తీసి పై ఊర్లల్ల కందకాలు పూడకుండ చూసేటోళ్ళకు కూలి కింద ఇయ్యాలె, ఎందుకంటే తవ్విన కొన్నేండ్లకు మట్టితోటి నిండినంక వాటిని మళ్ళ తియ్యడానికి పైన ఊర్ల దగ్గర పైసలుండవు.