పిల్లల్ని పండించరు, వరిని సాకరు

‘తెలుగు భాషాభిమానులందరికీ’ అని మొదలయ్యే ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ‘పెంచు’ అనే క్రియ గురించి అందులో అయిదు సంగతులున్నాయి. పెంచు, సాకు, పోషించు, మేపు, పండించు, పెంపొందించు అన్నీ పర్యాయపదాలు, ఏది ఎక్కడైనా వాడుకోవచ్చు అన్నది మొదటిది. ‘సాకు’కి అసలు అర్థం నెపం, పెంచడమనే అర్థం తప్పు వాడకమట. ‘పోషించు’ సంస్కృతం కాబట్టి మానెయ్యాలట. పాలు పెరిగితే వచ్చేది పెరుగు కాబట్టి ఆ పేరట. ఇక ‘పెంపుడు కొడుకు’ అంటే మనిషిని పెంపుడు కుక్కతో సమానం చేసినట్టట, ‘దత్తపుత్రుడు’ అనే అనాలట. పంపేవాళ్ళు భాష మీద ప్రేమతోనే పంపుతున్నారు. కానీ అందులో చెప్పినట్టు రాస్తే తెలుగు పాడవుతుంది.

మొదటి మాటకే ఎక్కువ జవాబు కావాలి. ‘మేం వరి పెంచుతున్నాం’ అని ఏ రైతూ అనడు. కోస్తాలో ‘వరి వేశాం’ అంటారు, తెలంగాణలో ‘పత్తి పెట్టినం’ అంటారు. పంట చేతికొచ్చాక ‘బాగా పండించాడు’ అంటారు. పండించడం అంటే పండేటట్టు చేయడం, ఆ మాట చూపంతా కోత మీదే. అదే రైతు గట్టు మీద టేకు మొక్కలు నాటితే వాటిని పెంచుతాడు. అక్కడ కావాల్సింది ఎదుగుదల. కోళ్ళు, తేనెటీగలు, పట్టుపురుగులకైతే పెంపకం. రొయ్యలకు మాత్రం పెంపకంతో పాటు ‘సాగు’ కూడా బాగా అలవాటైంది. భీమవరం వైపు చెరువులో సీడ్, అంటే రొయ్యపిల్లల్ని వేసి, కొన్ని నెలలకు పట్టుబడి చేసి, అంటే అన్నిటినీ పట్టేసి, మొత్తం అమ్మేస్తారు కదా, ఆ పద్ధతి పంటదే. ఈమధ్య మెషీన్ అనువాదాల్లో ‘టమాటాలను పెంచే రైతులు’ కనిపిస్తున్నారు. ఒక్కో టమాటాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచుతున్నారేమో మరి.

‘మేపు’ సంగతి ఇంకా తేలిక. పశువుల్ని మేపుతాం. మనిషికి వాడితే అది ఎత్తిపొడుపన్నా కావాలి, లంచమన్నా కావాలి. ‘ముప్ఫయ్యేళ్ళ కొడుకుని కూర్చోబెట్టి మేపుతున్నాడు’, ‘ఫైలు కదలాలంటే కిందినుంచి పైదాకా మేపాలి’. పర్యాయపదమే అనుకునేవాళ్ళు ‘మా అమ్మ నన్ను ఎంతో ప్రేమగా మేపింది’ అని ఒకసారి స్టేటస్ పెట్టి చూడండి.

‘పెంపొందించు’ అంటే పెంపు ఒందేలా, అంటే వృద్ధి పొందేలా చేయడం. నైపుణ్యాన్ని, స్నేహభావాన్ని, మంచి అలవాట్లను పెంపొందిస్తాం. పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంపొందిస్తాం గానీ పిల్లల్నే పెంపొందించం.

మిగిలింది ‘పెంచు’, ‘పోషించు’ల తేడా. ‘వాడు దుబాయ్‌లో పనిచేసి కుటుంబాన్ని పోషిస్తున్నాడు, పిల్లల్ని పెంచుతున్నది అమ్మమ్మే’. ఇలాంటి ఇళ్ళు కరీంనగర్ వైపు, కోనసీమలో, కడప జిల్లాలో కావలసినన్ని. ఆ వాక్యంలో రెండు క్రియల్నీ తారుమారు చేస్తే ఇంటి సంగతే మారిపోతుంది. పోషించడంలో ముందు కనిపించేది తిండి, డబ్బు. పెంచడంలో పక్కన ఉండటం కూడా ఉంది.

అసలు ‘పెంచు’ ఒక్కటే రెండు రకాలుగా నడుస్తుంది. జీతం పెంచు, ధర పెంచు, స్పీడు పెంచు అన్నప్పుడు దానికి వ్యతిరేకం ‘తగ్గించు’. పిల్లల్ని పెంచడానికి వ్యతిరేకపదం చెప్పండి చూద్దాం. ‘తగ్గించు’ పనికిరాదు. ‘అయిదువేలు పెంచారు’ అంటే ఎంత అని తెలుస్తుంది, ‘అయిదేళ్ళు పెంచారు’ అంటే ఎన్నాళ్ళు అని. మాట ఒకటే, మూలమూ ఒకటే. పెనుగాలిలోని ‘పెను’, మన ‘పెద్ద’, తమిళంలో వృద్ధి అనే అర్థమున్న ‘పెరుగు’ అన్నీ దాని చుట్టాలే. కానీ ఒక అర్థంలో చుట్టూ చేరే మాటలు ఇంకో అర్థంలో చేరవు.

దానికి ‘కొను’ తగిలించండి, ఇంకో కథ. ‘అక్క కూతుర్ని పెంచారు’ అంటే దగ్గర ఉంచుకుని పెద్దచేశారని. ‘అక్క కూతుర్ని పెంచుకున్నారు’ అంటే తమ పిల్లను చేసుకున్నారని. ఊళ్ళో రెండో మాట వినగానే ‘అయితే ఆస్తి ఆ పిల్లకేనా?’ అని అడిగేవాళ్ళుంటారు. ‘కొను’ చేరితే ఆ పని చేసినవాళ్ళ వైపే తిరుగుతుంది. అందుకే గడ్డం పెంచుకుంటాం, కుక్కని పెంచుకుంటాం, ఆశలూ పగలూ కూడా పెంచుకుంటాం. పగను సాకుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకు వినలేదు.

రెండోది ‘సాకు’. నెపం అనే అర్థంలో అది నామవాచకం: సాకు చెప్పాడు, సాకు దొరికింది. పెంచడం అనే అర్థంలో అది క్రియ: సాకింది, సాకుతున్నాడు. ‘పాడు’ పాటకూ ఉంది, శిథిలానికీ ఉంది. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనం కదా. పైగా పెంచడమనే అర్థం మనం పొరపాటున తెచ్చిపెట్టుకున్నది కానే కాదు. కన్నడంలో ‘సాకుతాయి’ అంటే పెంపుడు తల్లి, ‘సాకునాయి’ అంటే పెంపుడు కుక్క. తెలంగాణలో ఇదే అర్థంలో ‘సాదు’ అంటారు: గొర్లను సాదుతరు, పిల్లల్నీ సాదుతరు. ‘తండ్రి పోయాక కూలి చేసి నలుగుర్ని సాకింది’ అన్నచోట ‘పెంచింది’ అన్నా తప్పు లేదు, కానీ ఆ కష్టం కొంత తగ్గుతుంది. ఇంత చక్కటి మాటను తప్పు వాడకం అని కొట్టెయ్యడం చూస్తే చిరాకేస్తుంది.

మూడో మాటలో సగం నిజం. ‘పోషించు’ సంస్కృతం నుంచి వచ్చిందే, చివర ‘ఇంచు’ చేర్చుకుని తెలుగు క్రియ అయింది. మానెయ్యమనేవాళ్ళు ‘ఆయన తండ్రి పాత్ర పోషించాడు’ అన్న వాక్యాన్ని ‘పెంచు’తో రాసి చూపించాలి. ‘పాత్ర పెంచాడు’ అంటే సినిమాలో తన సీన్లు ఎక్కువ చేయించుకున్నాడని అర్థం.

నాలుగోదానికి ఇంట్లో గిన్నె చాలు. తోడు పెట్టిన పాలెన్నో, పొద్దున పెరుగూ అంతే ఉంటుంది. పెరుగుకు చుట్టం వెతకాలంటే ‘పేరు’ అనే క్రియ దగ్గర వెతకాలి. నెయ్యి పేరింది, పేరుకుంది అంటాం, అంటే గడ్డకట్టిందని.

అయిదోది మాత్రం నవ్వి వదిలేసేది కాదు, దాన్ని నమ్మితే నష్టపోయేది మనుషులు. ‘పెంపుడు’ అనే మాట కుక్కకూ వాడతాం కాబట్టి కొడుక్కి వాడకూడదంటే, కుక్కపిల్ల అంటున్నాం కాబట్టి ఆడపిల్ల అనడమూ మానెయ్యాలి. పెంచిన తల్లిగా యశోదకున్న గౌరవం తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక దాని బదులు వాడమంటున్న ‘దత్తత’కి చట్టంలో ఖచ్చితమైన అర్థం ఉంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం దత్తత ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ బిడ్డను నిజంగా ఇచ్చి పుచ్చుకోవాలి. దత్తహోమం తప్పనిసరి కాదు. ఆ రోజు నుంచి బిడ్డ అన్ని విధాలా కొత్త తల్లిదండ్రుల బిడ్డే, వారసత్వంతో సహా. 2015 బాలల న్యాయ చట్టంలో దత్తత వేరు, ఫోస్టర్ కేర్ వేరు. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను కొంతకాలం ఒక కుటుంబం సంరక్షణలో ఉంచడం, అంతమాత్రాన ఆ బిడ్డకు ఆ కుటుంబం ఆస్తిలో వారసత్వం రాదు.

మేనత్త ఇంట్లో పెరిగిన పిల్లవాణ్ణి మర్యాద కోసం కాగితాల్లో ‘దత్తపుత్రుడు’ అని రాయిస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆస్తి దగ్గర తగాదా వచ్చినప్పుడు దత్తత ఎప్పుడు జరిగింది, ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని అడుగుతారు. ఇరువైపులా సంతకాలు చేసి రిజిస్టరు చేయించిన దత్తత పత్రం ఉంటే, కాదని రుజువయ్యేదాకా కోర్టు దాన్ని నమ్ముతుంది. అది లేనివాళ్ళు సాక్షుల్ని వెతుక్కోవాలి.