ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్

నా ఇల్లు కూకట్‌పల్లిలో, ఆఫీసు మాదాపూర్‌లో. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని ఆఫీసులో కూర్చుని తెరవాలని దురాశ పుట్టింది. సోఫాలోంచి పిలిస్తే అది వినయంగా పలుకుతుంది. గుమ్మం దాటానా, నేనెవరో తెలియనట్టే ఉంటుంది.

దానికి 192.168.1.20 అని కదలని చిరునామా ఇచ్చాను. అపరిచితుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్‌ని బుజ్జగించాను. బయటి నుంచి వచ్చే పిలుపుని ఆ కంప్యూటర్‌కి పంపమని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను. (దూరం నుంచి కంప్యూటర్ తెరిచే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 అనే పోర్టుని, అంటే ద్వారాన్ని, నేరుగా తెరవడమంటే వీధి తలుపు బార్లా తీసి పడుకోవడమే కాబట్టి, రహస్య సొరంగంలాంటి వీపీఎన్ పోర్టు మాత్రమే తెరిచాను. ఆ మాత్రం బుద్ధి ఉంది.) మూడు రాత్రులు పోయాయి, కనెక్షన్ రాలేదు.

ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ వారు శాంతంగా విని మంత్రోపదేశం చేశారు: "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి, ముప్పై సెకన్లు ఆగి ఆన్ చేయండి సార్." చేశాను. రెండో ఫోన్‌కి ఇంకొకరు, అదే మంత్రం. మూడోసారి మాత్రం కొత్త ప్రశ్న వచ్చింది: "గ్రీన్ లైట్ వెలుగుతోందా సార్?" వెలుగుతోంది. "అయితే నెట్ బాగుంది సార్."

చివరికి హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. జేబురుమాలుతో రౌటర్ మీద దుమ్ము తుడిచాడు. ఆఫ్ చేశాడు. పెదాలు కదుపుతూ ముప్పై లెక్కపెట్టాడు. ఆన్ చేసి, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టాడు. ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఆగగానే, టెన్త్ మార్కులు చూపించే కొడుకులా ఫోన్ నా ముందు పెట్టాడు.

"మంచిగ వస్తుంది కదా సార్."

"తమ్ముడూ, లోపలి నుంచి బయటికి కాదు, బయటి నుంచి లోపలికి రావాలి."

"బయట ఎట్ల వస్తది సార్, వైఫై ఇంట్లనే కదా?"

బెడ్‌రూంలోకి వెళ్లి మళ్లీ పెట్టాడు. అరవై ఒకటి. "గోడ సార్" అని నిట్టూర్చాడు. వంటింట్లోనూ చూశాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. పూజగది దగ్గర డెబ్బై వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో స్పీడ్ కొలవని చోటు బాత్‌రూమ్ ఒక్కటే.

వాడు వెళ్లాక రౌటర్ స్టేటస్ పేజీ తెరిచాను. వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ నా రౌటర్‌కి ఇచ్చిన చిరునామా, 100.72తో మొదలవుతోంది. నా ఐపీ ఎంతని నెట్‌లో అడిగితే ఇంకేదో నంబరు. ఈ రెండూ కలవకపోతే కథ అయిపోయినట్టే. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలను 2012లో ఇలాంటి ఇంటర్నెట్ కంపెనీల కోసమే కేటాయించారు. ఇంటర్నెట్ పాత పద్ధతి అయిన ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు, వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకని ఎన్నో ఇళ్లను కలిపి ఒకే నంబరు వెనక కూర్చోబెడతారు. కొరియర్ వస్తే పైకి పంపమని నేను మా వాచ్‌మన్‌కి చెప్పుకున్నాను. కాలనీ గేటు దగ్గర కంపెనీ వాచ్‌మన్ ఇంకొకడున్నాడని, నా కొరియర్‌ని వాడే వెనక్కి తోలేస్తున్నాడని నాకెవరు చెప్పారు?

చిరునామాలు లేవంటే అర్థం చేసుకుంటాను. కానీ ఆ మాట కనెక్షన్ ఇచ్చిన రోజే ఎందుకు చెప్పరు? నేను వంద రీస్టార్ట్‌లు కొట్టినా ఆ గేటు తెరుచుకోదని, కంపెనీ వారూ, మీకు తెలుసు. తెలిసీ నా మూడు రాత్రులు తిన్నారు. ఏమీ నేర్పకుండా ఆ కుర్రాణ్ని ఎండలో తిప్పి, నా కోపం వాడి మీద పడేలా చేశారు. ఇది సాంకేతిక సమస్య కాదు, సిగ్గులేనితనం.

నాలుగో ఫోన్‌లో స్టాటిక్ ఐపీ (నాకొక్కడికే ఇచ్చే, మారని చిరునామా) అన్న మాట వాళ్ల నోట వచ్చింది, దానికి వేరే డబ్బులట. చిరునామాల కరువే లేని ఐపీవీ6 ఇస్తారా అని అడిగాను.

"అది ఏ ప్లాన్ సార్?"

సాయంత్రం మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడిందని. వెనకే కుర్రాడి ఫోన్. "ఫైవ్ స్టార్ కొట్టండి సార్, లేకుంటే నాకు ఇన్సెంటివ్ కట్ అయితది." కొట్టాను. వాడు సంతోషించి, పెట్టేసే ముందు ఆప్యాయంగా అన్నాడు:

"రాత్రి పడుకునే ముందు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్."