మహారాజశ్రీ ఓటీపీ గారికి

నల్లకుంట నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచరు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

మేము క్షేమం. తమరు వచ్చేదే మా క్షేమం కోసమట, కాబట్టి అదీ తమ చలవే. కానీ తమరు వచ్చినప్పుడల్లా ఇంట్లో నిప్పంటుకున్నంత హడావిడి. కళ్లజోడు ఫ్రిజ్ మీద ఉంటుంది. మెసేజ్ తెరిస్తే యాప్ మాయమవుతుంది, యాప్ దొరికేసరికి అంకెలు మర్చిపోతాను. పదిహేడో ఎక్కం ఇప్పటికీ తలకిందులుగా అప్పజెప్పగలను. తమ ఆరంకెలు మాత్రం నిలవవు. ఈలోగా తమ ఆయుష్షు తీరిపోతుంది.

మా అబ్బాయిది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేర్పరా అంటే "ఇలా ఇవ్వమ్మా" అని ఫోన్ లాక్కుని రెండు నిమిషాల్లో కానిచ్చేస్తాడు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఆ "ఇలా ఇవ్వమ్మా" ఒక్కటే. పిల్లల నోటుబుక్కులు లాక్కుని లెక్కలన్నీ నేనే చేసేసి ఉంటే మా హెడ్మాస్టరు ఊరుకునేవారా?

బ్యాంకుకెళ్తే "యాప్‌లో చేసుకోండమ్మా" అన్నారు. 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవలందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పిన సంగతి మాత్రం అక్కడెవరూ ఎత్తలేదు.

నాతో ఓపిగ్గా మాట్లాడినవాడు ఒక్కడే. పోయిన నెల వీడియో కాల్‌లో వచ్చాడు, పోలీసు డ్రెస్సులో. మీ పేరున పార్సిల్ దొరికింది, మిమ్మల్ని "డిజిటల్ అరెస్ట్" చేశాం, ఎవరికీ చెప్పొద్దన్నాడు. భయపెట్టాడు గానీ, ఎంత మర్యాద! ఏ బటన్ ఎక్కడుందో మూడేసి సార్లు చెప్పాడు. కళ్లజోడు తెచ్చుకునేదాకా ఆగాడు. సరిగ్గా అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఇంత ఓపికున్నవాడు ఆఫీసరై ఉండడు. కట్ చేశాను.

మన చట్టంలో అలాంటి అరెస్టే లేదనీ, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలనీ, మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదనీ తర్వాత చెప్పింది మా వాచ్‌మన్ కూతురు. ఇంటర్ చదువుతోంది. ఫోన్ నా చేతిలోంచి తీసుకోదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, నేను తప్పు నొక్కినా చూస్తూ ఊరుకుంటుంది. మంచి టీచరవుతుంది.

నవంబరు వస్తోంది. పెన్షన్ ఆగకుండా ఉండాలంటే నేను బతికే ఉన్నానని జీవన్ ప్రమాణ్‌లో రుజువు చేసుకోవాలి. సుద్దముక్కలు పట్టీ పట్టీ వేలిముద్రలు అరిగిపోయాయి, ముఖం చూపించాలి. దానికి ముందు మళ్లీ తమరే వేంచేస్తారు. ఈసారి కళ్లజోడు పెట్టుకునే కూర్చుంటాను, కాస్త నిదానించండి.

ఇట్లు,
తమరు ధ్రువీకరించేదాకా బతికున్నట్టు లెక్కలో లేని విధేయురాలు