మారుమనస్సు గారికి, బాకీ రాని వాడి వందనాలు

అయ్యా మారుమనస్సు గారూ,

ప్రభువు నామమున వందనములు. తమరు క్షేమమేనని మొన్న ఆదివారం గుడిలో కళ్లారా చూశాను. నా దగ్గర ప్రోనోటు రాసి లక్షన్నర అప్పు తీసుకున్న సంఘ సహోదరుడు మైకు పట్టుకుని, "అప్పుల ఊబిలోంచి ప్రభువు నన్ను లేపాడు, ఈరోజు నా మీద ఏ భారమూ లేదు" అని ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా హల్లెలూయ అంది. ఆ భారం ఎవరి నెత్తిన పడిందో తెలిసిన నేనూ అన్నాను. అనకపోతే బాగుండదు కదా.

తమరి రాకడ సమయం గురించే ఒక మాట. ప్రోనోటు మీద దావాకి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లూ తమరు ఆ సహోదరుడి గుమ్మం తొక్కలేదు. "పంట చేతికి రానీ అన్నా", "క్రిస్మస్ వెళ్లనీ అన్నా", ఏదీ కుదరకపోతే "ప్రార్థన చెయ్యి అన్నా". పోనీ వెయ్యి రూపాయలిచ్చి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టమంటే, మన మధ్య సంతకాలేంటన్నాడు. గడువు దాటి నోటుకి కాలదోషం పట్టింది, ఇక దావా వేసినా నిలవదు. పట్టిన నెలలోనే తమరు దిగారు! కాలవలో బాప్తిస్మం, తెల్లచొక్కా, కన్నీళ్లు. దేవుడి సమయం వేరంటారు. ఇది మాత్రం ప్లీడరు గుమాస్తా కట్టిన లెక్కలా ఉంది.

డబ్బు సంగతి అడిగితే "పాతవి గతించెను అన్నా, ఆ అప్పు చేసింది పాత మనిషి" అంటున్నాడు. పాత మనిషి కాలవలో పోయాడట. మరి పాత మనిషి కట్టిన డాబా, కొన్న బండి కొత్త మనిషికి ఎలా వచ్చాయండీ? బాకీ ఒక్కటే ఈత రాక మునిగిపోయిందా?

ఆ బండి వెనక 'ప్రభువు ఇచ్చిన బహుమానం' అని స్టిక్కరు. కృతజ్ఞత కూడికలో బిరియానీ పెట్టాడు, వడ్డీ కింద జమ వేసుకుని తిన్నాను. పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర మాత్రం గొంతు పెంచి నా వైపు తిరుగుతాడు.

పెద్దలు కూడా పదివేల తలాంతుల ఉపమానం నాకే చెబుతున్నారు. పదివేల తలాంతుల అప్పు రాజు మాఫీ చేశాక, నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకోకూడదట. ఆ నూరు దేనారాల వాడు కాళ్ల మీద పడి "ఓర్చుకో, చెల్లిస్తాను" అన్నాడయ్యా! ఈయన నోట ఆ మాటేది? ఒనేసిము అనే దాసుడి కోసం అపొస్తలుడైన పౌలు అతని యజమానికి "అది నా లెక్కలో చేర్చుము, నేనే దాని తీర్తును" అని స్వహస్తంతో రాసిచ్చాడు. ఇంత బాగా వాక్యం తెలిసిన పెద్దల్లో ఒక్కరైనా అలా రాసివ్వచ్చుగా. పెన్ను నా జేబులోనే ఉంది.

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి వెళ్లింది తమరే కదా? ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తాను అన్నాడు. ఆ మాట అన్నాకే "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు యేసు. నాకు నాలుగంతలు వద్దు. వడ్డీ కూడా వద్దు.

ఇక గౌరవం నా వల్ల కాదు. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు అది. నెలనెలా ఆ వడ్డీ నేను కడుతున్నాను. గొలుసు లేని మెడతో ఆవిడ ఆడవాళ్ల వరసలో కూర్చుని అదే సాక్ష్యం విన్నది. తాగుడు ఒప్పించావు, పేకాట ఒప్పించావు, చుట్ట కాల్చింది కూడా ఒప్పించావు. నా పేరు దగ్గరికొచ్చేసరికి నీకు గొంతు పోయిందా?

సరే, ఒక దారి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం, కాలదోషం పట్టిన బాకీ అయినా తీరుస్తానని మళ్లీ రాసి సంతకం పెడితే చెల్లుతుంది. అంటే చచ్చిన నోటు కూడా తిరిగి జన్మించవచ్చు. ఆయన చేత రాయించు. సాక్షులుగా హల్లెలూయ అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. రెవెన్యూ స్టాంపు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ సంఘంలోనే ఉన్న ఒక అప్పిచ్చినవాడు